మారిషస్: ఒక చిన్న ద్వీప దేశం, అందులో మన తెలుగు



ప్రవాసాంధ్రుల పాఠం జరుగుతున్నప్పుడు మేడం ఒక ప్రశ్న వేశారు. "ఉగాది రోజున దేశమంతటికీ సెలవిచ్చే పరాయి దేశం ఏదమ్మా?" అమెరికా అన్నాం, సింగపూర్ అన్నాం, మలేషియా అన్నాం. మూడూ తప్పే. జవాబు మారిషస్. సినిమా పాటల్లో తప్ప ఆ పేరు ఎప్పుడూ విననివాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "సరే, ఈసారి గోడపత్రికకు నువ్వే రాయి" అని ఆ పని నాకు అప్పజెప్పారు.

దీవి ఎక్కడుంది, ఏం చేసుకుని బతుకుతుంది, ఎలా పాలించుకుంటుంది అనే మూడు ప్రశ్నలతో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాలుగోది ఒకటి వచ్చి చేరింది. ఆ దేశంలో ఒకప్పుడు తెలుగు అక్షరాలు రాయడం వస్తే చాలు, ఓటు వచ్చేది. అది నన్ను వదల్లేదు. వరసగా చెబుతాను.

ఎక్కడుంది, ఎంత ఉంది?

హిందూ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు దక్షిణాన 20 డిగ్రీల దగ్గర, మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉంది మారిషస్. మన చెన్నై నుంచి లెక్కేస్తే సుమారు 4,500 కిలోమీటర్లు. వాళ్ల గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుంది. దక్షిణార్ధగోళం కాబట్టి మనం మే, జూన్ ఎండల్లో ఉడికిపోతుంటే వాళ్లకు చలికాలం మొదలవుతుంది.

ప్రధాన దీవి విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. ఊహించుకోవడానికి ఒక కొలత ఇస్తాను. మన తిరువొత్తియూరు ఒకటో మండలంగా ఉన్న చెన్నై కార్పొరేషన్ 426 చదరపు కిలోమీటర్లు. అలాంటి నాలుగు నగరాలు పక్కపక్కన పెడితే ఆ దీవి దాదాపు నిండిపోతుంది. కానీ జనం పన్నెండున్నర లక్షల మందే. మన నగరంలో ఐదో వంతు కూడా కాదు. రాజధాని పోర్ట్ లూయీ. తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ అనే ఇంకో చిన్న దీవి ఉంది. దానికి 2002 నుంచి సొంత ప్రాంతీయ సభ ఉంది. ఉత్తరాన అగలేగా దీవులు కూడా ఈ దేశానివే.

సముద్రం అడుగున పేలిన అగ్నిపర్వతం నుంచి పుట్టిన నేల ఇది. అందుకే రాయి నల్లగా ఉంటుంది. అన్నిటికంటే ఎత్తైన కొండ 828 మీటర్లు. దీవి చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ ఒక గోడలాగా ఉంటుంది. అలలు ఆ గోడకు తగిలి అక్కడే విరిగిపోతాయి, లోపలి నీళ్లు నిలకడగా ఉంటాయి. మన ఒడ్డున అలల కోతకు బండరాళ్లు తెచ్చి పోస్తున్నారు కదా, ఆ పని అక్కడ పగడం చేస్తోంది. సముద్రం వేడెక్కితే పగడం తెల్లబడి చచ్చిపోతుంది. అది పోతే గోడ పోయినట్టే. వాళ్లకు అది పెద్ద బెంగ.

తుపానులు కూడా మనకూ వాళ్లకూ చుట్టాలే. 1960లో వచ్చిన కరోల్ తుపాను వేల ఇళ్లను నేలమట్టం చేసింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం మనల్ని ముంచిన నెల రోజులకే, 2024 జనవరిలో, బెలాల్ తుపానుకు పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు తేలాయి.

అందరూ ఓడ దిగినవాళ్లే

ఈ దేశం గురించి మొదట తెలుసుకోవలసింది ఒకటుంది. ఇక్కడ ఆదివాసులంటూ ఎవరూ లేరు. 1598లో డచ్చివాళ్లు దిగినప్పుడు ఉన్నవి పక్షులు, తాబేళ్లు, నల్లకలప చెట్లు. తమ రాకుమారుడు మారిస్ పేరు దీవికి పెట్టారు. ఎగరలేని డోడో పక్షి వాళ్లొచ్చాక వందేళ్లలోపే అంతరించిపోయింది. డచ్చివాళ్లు 1710లో వెళ్లిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చి ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చి చెరకు నాటించారు. 1810లో బ్రిటిష్‌వాళ్లు దీవిని గెలుచుకున్నారు, ఫ్రెంచి భాషను, ఫ్రెంచి తోట యజమానులను మాత్రం అలాగే ఉంచారు.

1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. మరి చెరకు ఎవరు కొట్టాలి? అప్పుడు చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరులో 'అట్లాస్' అనే ఓడలో 36 మంది కూలీలు కలకత్తా నుంచి దిగారు. అక్కడి నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి వరకూ సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. ఓడ దిగిన చోటును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. అక్కడి పదహారు రాతి మెట్లు ఎక్కితేనే ఆ దేశంలోకి దారి. యునెస్కో 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వాళ్లు వెళ్లిన రేవులు మూడు పెద్దవి: కలకత్తా, బొంబాయి, మద్రాసు. మద్రాసుకు అప్పుడు కట్టిన హార్బరు లేదు. ఓడ దూరంగా లంగరు వేసి ఉండేది. ఒడ్డు నుంచి మసూలా పడవల్లో అలలు దాటించి మనుషుల్ని ఓడ దగ్గరికి చేర్చేవాళ్లు. అంటే మనం సాయంత్రం గాలికి వెళ్లి కూర్చునే ఈ తీరం పొడుగునే, కాస్త దక్షిణాన, వాళ్లు చివరిసారిగా ఈ నేల మీద కాలు పెట్టారు. తెలుగువాళ్లు విశాఖపట్నం నుంచి, గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుంచి కూడా వెళ్లారు. ఆ రేవు పేరు మీదే మారిషస్‌లో తెలుగువాళ్లను 'కొరంగీలు' అనేవారు.

ఒప్పందం ఐదేళ్లకు. మగవాడికి నెలకు ఐదు రూపాయలు, పైన బియ్యం, పప్పు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. తోట దాటి వెళ్లాలంటే చేతిలో పాసు ఉండాలి, 1860ల నుంచి దానికి ఫోటో కూడా కావాలి. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు అన్నీ గుమాస్తా రిజిస్టరులో రాసుకునేవాడు, చెవికి వినపడినట్టుగా. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అప్పన్న, నరసింహులు, వీరాస్వామి లాంటి పేర్లు అలా ఫ్రెంచి వాసన కొట్టే స్పెల్లింగులోకి మారి, మొత్తం వంశానికి ఇంటిపేర్లు అయిపోయాయి. మనకు ఇక్కడ జరిగింది దీనికి తలకిందులు. తమిళనాడులో ఇంటిపేరు రాలిపోయి నాన్న పేరులోని ఒక అక్షరం మిగిలింది. వాళ్లకు తాతగారి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది.

చెరకు ఒక్కదాని మీద బతకలేమని

1960ల వరకూ మారిషస్ అంటే చెరకే. ఎగుమతి అయ్యేది దాదాపు అంతా పంచదార. 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త ఆ దేశాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చాడు. నేల కొంచెం, జనం పెరిగిపోతున్నారు, పంట ఒక్కటే, భవిష్యత్తు కష్టమే అన్నట్టు ఉంది ఆ నివేదిక సారాంశం. తరువాత ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ ఈ జోస్యం మాత్రం ఫలించలేదు. ఎందుకు ఫలించలేదు అన్నదే ఇక్కడ పాఠం.

వాళ్లు ఒకదాని పక్కన ఒకటి కాళ్లు చేర్చుకుంటూ పోయారు. 1970లో ఎగుమతి కోసమే పనిచేసే ఫ్యాక్టరీలకు పన్ను రాయితీలు ఇచ్చే చట్టం తెచ్చారు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటిల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చెరకు తోటలో తల్లితో కలిసి కలుపు తీసిన అమ్మాయి మిషను ముందు కూర్చుని మొదటిసారి తన పేరు మీద జీతం అందుకుంది. 1975లో యూరప్ దేశాలతో ఒప్పందం కుదిరి పంచదారకు ఖాయమైన మంచి ధర దొరికింది. ఆ డబ్బుతో హోటళ్లు, ఫ్యాక్టరీలు కట్టుకున్నారు. ఆ పైన పర్యాటకం. ఇప్పుడు ఏడాదికి పదమూడు, పద్నాలుగు లక్షల మంది వస్తారు, అంటే దేశ జనాభా కంటే ఎక్కువ.

తరువాత బ్యాంకింగు. భారత్‌తో 1982లో కుదిరిన పన్ను ఒప్పందం వల్ల మన దేశంలోకి వచ్చే విదేశీ పెట్టుబడిలో పెద్ద వాటా చాలా ఏళ్లు మారిషస్ మీదుగానే వచ్చింది. ఇది పన్ను ఎగవేతకు దొడ్డిదారి అని విమర్శలు రావడంతో 2016లో ఒప్పందాన్ని సవరించారు. యూరప్ కూడా 2009 నాటికి పంచదార ధరను 36 శాతం తగ్గించేసింది. అప్పుడు చెరకు పిప్పితో కరెంటు, రకరకాల ప్రత్యేక పంచదారలు అంటూ దారి మార్చుకున్నారు. 2020లో ప్రపంచ బ్యాంకు వాళ్లను అధికాదాయ దేశాల జాబితాలో చేర్చింది. కోవిడ్‌తో పర్యాటకులు ఆగిపోగానే మరుసటి ఏడే ఆ స్థానం పోయింది. చిన్న దేశానికి ఎక్కడం ఎంత తొందరో జారడం కూడా అంతే తొందర.

అదే 2020 జూలై 25న వకాషియో అనే సరుకు ఓడ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బకు గుద్దుకుంది. కొద్ది రోజులకు సుమారు వెయ్యి టన్నుల నూనె నీళ్లలోకి కారింది. సాయం వచ్చేదాకా జనం ఆగలేదు. బట్టల గొట్టాలు కుట్టి, వాటిలో ఎండిన చెరకు ఆకు కూరి, నీళ్ల మీద తేలే కట్టలు చేసి అడ్డం వేశారు. ఇది చదువుతుంటే నాకు మన ఎన్నూరు గుర్తొచ్చింది. 2017 జనవరిలో రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు బకెట్లతో నూనె తోడిన మనుషుల్ని మనం చూశాం. 2023 తుపాను తరువాత క్రీక్‌లో నూనె పేరుకుని వలలు, పడవలు నల్లబడటమూ చూశాం. సముద్రం మీద బతికేవాళ్ల కష్టం ఏ దీవిలోనైనా ఒక్కటే.

పాలన ఎలా?

మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమైంది. గాంధీగారు దండి యాత్ర మొదలుపెట్టిన తేదీ కూడా మార్చి 12. మొదటి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్. 1992లో అదే తేదీన గణతంత్రమైంది.

పార్లమెంటుకు ఒకే సభ. ప్రధాన దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. రోడ్రిగ్స్‌కు ఇద్దరు. మొత్తం 62. రాష్ట్రపతిని సభ ఎన్నుకుంటుంది, అసలు అధికారం ప్రధానిది. 2015 నుంచి 2018 వరకూ అమీనా గురీబ్ ఫకీమ్ రాష్ట్రపతి. ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆమే, మొక్కల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. 2024 నవంబరు ఎన్నికల్లో ప్రతిపక్ష కూటమి 62లో 60 గెలిచి నవీన్ రామ్‌గులామ్ మళ్లీ ప్రధాని అయ్యారు. స్థానిక ఎన్నికల్లో ఏ పార్టీ అయినా కనీసం మూడో వంతు సీట్లకు ఆడవాళ్లను నిలబెట్టాలి. హైస్కూలు చదువు 1977 నుంచి ఉచితం. సైన్యం లేదు, పోలీసులే అన్నీ.

వింత ఏమిటంటే, ఎన్నికల్లో ఓడిపోయిన కొందరికి కూడా సభలో చోటు దొరుకుతుంది! దీన్ని 'ఓడినవారిలో ఉత్తములు' అనే పద్ధతి అనుకోండి. జనాన్ని రాజ్యాంగం నాలుగు వర్గాలుగా చూస్తుంది: హిందువులు, ముస్లింలు, చైనీయులు, మిగిలిన జనసామాన్యం. ఏ వర్గానికైనా సభలో చోటు తగ్గితే, ఓడినవాళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఎనిమిది దాకా సీట్లు ఇస్తారు. కానీ లెక్కకు ఇప్పటికీ వాడేది 1972 జనగణన. ఆ తరువాత ఎవరినీ వర్గం అడగలేదు. చిన్న వర్గాలకు ఇది రక్ష అని కొందరు, మనుషుల్ని ముక్కలు చేస్తోందని కొందరు. వాదన తెగలేదు.

ఇంకో తెగని వ్యవహారం చాగోస్ దీవులది. స్వాతంత్ర్యం ఇవ్వకముందే, 1965లో, బ్రిటన్ వాటిని విడదీసి తన దగ్గర ఉంచుకుంది. అక్కడివాళ్లను ఖాళీ చేయించి డియేగో గార్షియాలో అమెరికా స్థావరానికి చోటిచ్చింది. అది తప్పని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2025 మేలో చాగోస్ మీద సార్వభౌమత్వాన్ని మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద రెండు దేశాలూ సంతకాలు చేశాయి. స్థావరం మాత్రం లీజు మీద కొనసాగేలా రాసుకున్నారు. పొట్టి దేశం కూడా పట్టు వదలకపోతే పెద్ద దేశాన్ని బల్ల దగ్గరికి రప్పించగలదు.

అక్షరం వస్తే ఓటు

ఇప్పుడు నన్ను వదలని విషయానికి వస్తాను.

1940ల వరకూ మారిషస్‌లో ఓటు ఆస్తి, ఆదాయం ఉన్నవాళ్లదే. ఓటర్లు పన్నెండు వేలకు అటూ ఇటూ. చెరకు కొట్టేవాళ్లకు నోరు లేదు. 1943 సెప్టెంబరులో బెల్ వ్యూ హారెల్ తోటలో కూలి కోసం సమ్మె చేస్తున్నవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారిలో అంజలై కూపెన్ ఒకరు. ఆమె అప్పుడు గర్భిణి. ఇప్పుడు ఆ ఊళ్లో ఉన్న స్టేడియానికి ఆమె పేరే పెట్టారు.

1947లో కొత్త రాజ్యాంగం వచ్చింది. ఆస్తి లేకపోయినా, దీవిలో వాడుకలో ఉన్న భాషల్లో ఏదో ఒకదానిలో చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే ఓటు అన్నారు. ఆ భాషల్లో తమిళం ఉంది, మన తెలుగు కూడా ఉంది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే నియమం. బసదేవ్ బిష్ణుదయాళ్ అనే ఆయన నడిపిన జన్ ఆందోళన్ ఊరూరా రాత్రి బడులు పెట్టి అక్షరాలు నేర్పింది. పగలంతా చెరకు కొట్టినవాళ్లు రాత్రి పలక పట్టారు. 1948 ఎన్నికలకు ఓటర్లు డెబ్భై వేలు దాటారు. ఎమిలియెన్ రోష్‌కూస్ట్ అనే మహిళ గెలిచి సభలో అడుగుపెట్టింది. 1959 ఎన్నికల నాటికి చదువు నిబంధన కూడా పోయి పెద్దవాళ్లందరికీ ఓటు వచ్చింది.

ఒక్కసారి ఆ గదిని ఊహించుకోండి. వయసు మళ్లిన ఒకావిడ బల్ల ముందు నిలబడింది. ఎదురుగా అధికారి. ఆవిడ నాలుగు ముక్కలు తెలుగులో రాసి చూపించాలి. రాస్తే దేశంలో ఆమెకు మాట ఉంది. రాయలేకపోతే లేదు. మనం పరీక్షల్లో అక్షరదోషానికి అర మార్కు పోయిందని గొణుక్కుంటాం కదా!

అక్కడి తెలుగు, ఇక్కడి తెలుగు

మారిషస్ తెలుగువాళ్లకు ఈరోజు గుర్తింపు బాగానే ఉంది. ఉగాదికి సెలవు. ప్రాథమిక బడి నుంచే తెలుగును ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు శాఖ ఉంది. మారిషస్ ఆంధ్ర మహాసభ 1940ల నుంచి పనిచేస్తోంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. రామభజనలు, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ ఇప్పటికీ నడుస్తున్నాయి. కానీ ఇంట్లో మాట్లాడేది క్రియోల్. ఫ్రెంచి నుంచి పుట్టిన ఆ భాషే వీధిలో అందరినీ కలుపుతుంది. ఆ క్రియోల్‌కు గౌరవం తెచ్చిన రచయితల్లో ముందు చెప్పుకునే దేవ్ వీరాస్వామి (1942–2023) తెలుగు మూలాలున్నవారే. షేక్స్‌పియర్ నాటకాలను క్రియోల్‌లోకి తెచ్చారు. దానికి బాధపడాలా, సంతోషించాలా? నాకు రెండూ కలిగాయి.

అక్కడి పిల్లలకు తెలుగు చదవడం వస్తుంది, అమ్మతో పోట్లాడటానికి మాత్రం ఆ భాష రాదు. ఇక్కడ మన సంగతి? అమ్మతో పోట్లాడేది తెలుగులోనే. చదవడం, రాయడం దగ్గరే ఆగిపోతాం. 2006 చట్టం తరువాత బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావడం మనకు మంచిదే, ఈ నేలలో అన్నం పెట్టే భాష అది. కానీ తెలుగు పీరియడు అలా చేజారింది. నాకు ఈ కాలేజీలో చేరేదాకా తెలుగు ఓనమాలు రావు. త్యాగరాజస్వామి మన ఊరి అమ్మవారు త్రిపురసుందరి మీద ఐదు కీర్తనలు తెలుగులోనే కట్టారు. ఆ గుడి వీధుల్లో తిరిగి పెరిగిన నేను వాటిని మొదటిసారి చదివింది మొదటి సంవత్సరం ఆఖర్లో, వేలు పెట్టి కూడబలుక్కుంటూ. పక్కన కూర్చున్న అమ్మమ్మ "నాకూ నేర్పవే" అంది. ఇప్పుడు ఆవిడ తన పేరు రాస్తుంది. బ్యాంకులో వేలిముద్ర వేయమంటే "సంతకం చేస్తా" అంటుంది. తెలుగులోనే!

మారిషస్ రూపాయి నోటు మీద తమిళ అక్షరాలు ఉన్నాయి. 1998లో కొత్త నోట్ల మీద వరుస మారిస్తే తమిళ మూలాలవాళ్లు ఊరుకోలేదు. ఆ నోట్లు వెనక్కి తీసుకుని వరుస సరిచేసి మళ్లీ అచ్చువేశారు. అక్షరం అంటే అంత పట్టింపు. మన నోటు మీద పదిహేను భాషల పట్టీలో తెలుగూ ఉంది. ఎవరూ తీసెయ్యరు. కానీ దాన్ని చదవగలిగేవాళ్లు మన ఇంట్లో ఎంతమంది?

ఈ గోడ ముందు నిలబడినవాళ్లకు మూడు పనులు

1. పర్సులోంచి ఒక నోటు తీసి, భాషల పట్టీలో తెలుగు వరుస ఎన్నోదో కనిపెట్టండి.

2. మీ ఇంటిపేరు ఇంట్లో అడగండి. ఇనీషియల్ కాదు, ఇంటిపేరు. తెలిస్తే ఈ పత్రిక కింద ఉన్న తెల్ల కాగితం మీద తెలుగులో రాయండి.

3. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ రాయడం రాని ఒకరికి ఈ సెలవుల్లో వాళ్ల పేరు రాయడం నేర్పండి. ఒక్క పేరు చాలు. మిగతావి వాళ్లే అడుగుతారు.